కొండ కింది గాలి

శుక్రవారం తెల్లవారుతుండగా జ్వెలాఖే ఫోన్ చేశాడు. వాడు చనిపోయిన నా భార్యకు తమ్ముడు. ఏడాదిన్నరగా మా ఇద్దరి మధ్య కారు మాట తప్ప వేరే మాట లేదు.

"బావా, ఇంజిన్ రాళ్ళు నములుతోంది."

"ఎప్పుడు?"

"ఎత్తు వస్తే చాలు. మా వీధి చివర ఎక్కుడు దారి ఉందే, అదే ఎక్కలేక ఏడుస్తోంది."

"ఏం చేశావు దాన్ని?"

"నేనేం చేస్తాను? నువ్విచ్చింది ఇచ్చినట్టే ఉంది."

నేను ఇచ్చి పది రోజులైంది. 1967 నాటి కోర్టినా. మా మామ కారు. ఆయన పోయాక ఉమ్లాజీలో రేకుల కింద పడి తుప్పు పట్టింది. దాన్ని లారీ మీద కొండ మీది హారీస్మిత్‌కు, నా గ్యారేజీకి తెప్పించాను. ఇంజిన్ అంతా విప్పి కొత్త పిస్టన్లు వేసి కట్టాను. సిలిండర్ల పైమూత, హెడ్, అరగదీయించి లోపల గాలిని నొక్కే ఒత్తిడి, కంప్రెషన్, పెంచాను. కొండ మీద మేమంతా అలాగే కడతాం. అలా కట్టని ఇంజిన్ మా దగ్గర దుక్కి ఎద్దులా నడుస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అలాగే కట్టాను. ఒక్క బండీ చెడి తిరిగి రాలేదు.

మరునాడు శనివారం పదకొండు గంటలకు నా భార్య థెంజివే సమాధి రాయి తెరవాలి. రాయి మీద కప్పిన దుప్పటిని తల్లి చేత్తో తీయడం వాళ్ళింటి పద్ధతి. తల్లి ఉండేది డర్బన్ పక్కన ఉమ్లాజీలో. సమాధి మా ఊళ్ళో. మధ్య మూడు వందల కిలోమీటర్లు, దాదాపు అంతా ఎక్కుడే. ఆవిడ కుడి మోకాలు వంగదు. మినీబస్సులో ఎక్కించినా కాలు పట్టదు. కోర్టినాలో ముందు సీటును మామ బాగా వెనక్కి జరిపి బిగించి పోయాడు. ఆవిడ కాలు చాపుకుని కూర్చోగల బండి ఇప్పుడు అదొక్కటే.

థెంజివేను పాతిపెట్టిన రోజున ఆవిడ రాలేదు. అప్పుడు ఆవిడ విరిగిన మోకాలితో ఆస్పత్రిలో ఉంది. ఆవిడకు వండి పెట్టడానికే థెంజివే కిందికి వెళ్ళింది. వెళ్ళినచోట దగ్గు పట్టుకుంది. జ్వెలాఖే ప్రార్థనవాళ్ళను పిలిచాడు. మూడు రోజులు నీళ్ళు మంత్రించి తాగించారు. నాలుగో రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఐదో రోజు పోయిందని నాకు ఫోన్ చేశారు. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనని ఆ రోజే అనుకున్నాను.

సామాను సంచీలో వేసుకుని మినీబస్సు ఎక్కాను. మధ్యాహ్నానికి ఉమ్లాజీలో దిగాను. గడప తొక్కలేదు. పెరట్లో కారు దగ్గరే నిలబడ్డాను.

"లోపలికి రా బావా, ముందు నాలుగు మెతుకులు తిను," అన్నాడు జ్వెలాఖే.

"తాళం ఇవ్వు."

కారును వీధి చివరి ఎక్కుడు మీదికి తీశాను. మూడో గేరులో తొక్కగానే మొదలైంది. రేకు డబ్బాలో గోలీలు వేసి ఊపిన చప్పుడు. పెట్రోలు వేళకు ముందే పేలి ఇలా నాక్ కొట్టే ఇంజిన్లు వందలు విన్నాను. నా చేత్తో కట్టినది ఇలా కొట్టడం ఎప్పుడూ వినలేదు. కాలు తీశాను. వెనక్కి తిప్పి పెరట్లోకి తెచ్చాను.

పక్కింటి మకథీని అప్పటికే గోడ మీద మోచేతులు పెట్టుకుని ఉన్నాడు. మినీబస్సులు బాగుచేసే మనిషి. నోరు పెద్దది.

"ఓహో, కొండ మీది డాక్టరుగారు దిగారే! రోగి ఉన్నట్టా, పోయినట్టా?"

"నీ బస్సులు నడుస్తున్నాయా?" అన్నాను.

"నడవకపోయినా చప్పుడు చెయ్యవు స్వామీ!"

స్పార్క్ ప్లగ్గులు విప్పాను. నాలుగూ తెల్లగా కాలి ఉన్నాయి. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు. గోటితో గీకి చూశాను. అల్యూమినియం. పిస్టన్ పైభాగం కరిగి ఎగిరి అక్కడ అంటుకుంది. మూడో ప్లగ్గు మీద మరీ ఎక్కువ.

"పెట్రోలు ఎక్కడ పోయించావు?" అన్నాను.

"ఎక్కడా పోయించలేదు."

"పది రోజులు గాలితో నడిపావా?"

"నువ్వే కదా రెండు క్యాన్లు నింపి డిక్కీలో పెట్టావు! కింద బంకుల్లో నీళ్ళు కలుపుతారు, నాది మాత్రమే పొయ్యి అన్నావు. నీదే పోశాను. చుక్క వేరేది పడలేదు."

క్యాను మూత తీసి వాసన చూశాను. వేలు ముంచి ఆరనిచ్చాను. మంచి పెట్రోలే. నా ఊరి బంకుదే.

ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గర నేను గీసిన గీత గీసినచోటే ఉంది. నిప్పు పడే టైమింగ్ కదలలేదు. కంప్రెషన్ గేజి పెట్టాను. నేను కట్టిన ప్రతి ఇంజిన్‌కూ లెక్క ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. కోర్టినా పేజీలో నాలుగు సిలిండర్లకూ నూట డెబ్బై అయిదు అని ఉంది. ఇక్కడ మొదటిది రెండు వందల పన్నెండు కొట్టింది. రెండోది, నాలుగోది అంతే. మూడోది రెండు వందల నాలుగు.

ఇంజిన్ దానంతటది కంప్రెషన్ పెంచుకోదు. ఎవడో హెడ్ విప్పి మళ్ళీ అరగదీయాలి. ఆ పని తప్ప వేరే దారి లేదు.

"ఎవరు విప్పారు?" అన్నాను.

"ఏది?"

"హెడ్. ఎవడితో విప్పించావు? ఈ గోడ మీది వాడితోనా?"

"ఇదుగో, నన్నెందుకు లాగుతావు?" అన్నాడు మకథీని. "నా చెయ్యి పడితే అది ఈపాటికి పరుగెత్తేది."

జ్వెలాఖే బానెట్ మీద చెయ్యి వేశాడు. "అమ్మ మీద ఒట్టు. మూత కూడా ఎత్తలేదు."

"నీ ఒట్లు నాకు తెలుసు. మీ చేతికి వచ్చింది ఏది బాగుపడింది? ఇంట్లో పెట్టుకుని మంత్రం వేశారేమో, దీనికి కూడా."

వంటింటి కిటికీలో పరదా కదిలింది. మా అత్త విన్నదని తెలిసింది. విననిచ్చాను.

హెడ్ బోల్టుల మీద నేను పసుపు రంగు చుక్క పెడతాను. సగం బోల్టు మీద, సగం హెడ్ మీద. విప్పితే రెండు సగాలూ మళ్ళీ కలవవు. చివరికి దీపం దగ్గర పెట్టి చూశాను. పది బోల్టుల మీదా చుక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎవరూ విప్పలేదు.

అయితే గేజి తప్పు చెబుతోంది. మకథీనిని గేజి అడగాల్సి వచ్చింది. ఇచ్చాడు. ఇస్తూ, "అద్దె ఏమీ లేదు, ఒక్క నవ్వు పడేయ్ చాలు," అన్నాడు. వాడి గేజిలోనూ అదే అంకె.

అప్పటికి నాలుగున్నర. తెల్లారి ఐదుకు బయల్దేరాలి. ఈ చప్పుడుతో మొదటి పెద్ద ఎక్కుడు దాటేలోపే పిస్టన్‌కు చిల్లు పడుతుంది. ఏం తప్పో తెలియకుండా ఏది తిప్పినా గుడ్డివాడి పనే. కూర్చున్నాను. చేయాల్సింది ఏదీ తట్టలేదు. కంప్రెషన్ చూసేటప్పుడు సిలిండర్లో నాలుగు చుక్కల నూనె వేసి చూస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సంగతి తెలుస్తుంది. అదైనా చేద్దామని సంచీలోంచి నూనె డబ్బా తీశాను.

ప్లాస్టిక్ డబ్బా. పొద్దున్నే నా బల్ల మీద సగం నింపి, మూత గట్టిగా బిగించి సంచీలో పెట్టాను. ఇప్పుడు దాని రెండు పక్కలూ లోపలికి పీక్కుపోయి ఉన్నాయి, ముసలివాడి బుగ్గల్లా. బస్సులో ఎవడో దాని మీద కూర్చున్నాడనుకున్నాను. మూత తిప్పాను. డబ్బా గాలిని బుస్సుమని లోపలికి పీల్చుకుంది. టప్పుమని పక్కలు పైకి లేచాయి.

మూత చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

నేను డబ్బాలో వేసి మూత పెట్టింది నా ఊరి గాలి. పలచటి గాలి. ఇక్కడి గాలి బరువుకు అది నొక్కుకుపోయింది. ఇంజిన్ ఆ పలచటి గాలినే తాగి నూట డెబ్బై అయిదు చూపించింది. ఇక్కడ అదే సిలిండర్లో అంతకంటే చిక్కటి గాలి పడుతోంది. అందుకే రెండు వందల పన్నెండు. గాలి చిక్కబడితే పెట్రోలు కూడా ఎక్కువ కావాలి. నేను కార్బురేటర్లో పెట్రోలు వదిలే జెట్లు మా ఊరికి సరిపడా సన్నటివి పెట్టాను. పోసిందేమో తొంభై మూడు నంబరు పెట్రోలు, కొండ మీద అమ్మేది. కింద తొంభై అయిదు లేనిదే ఇలాంటి ఇంజిన్ ఓర్చుకోదు. అన్ని వైపులా నేనే బిగించాను. పెట్రోలు కూడా నేనే మోయించి పంపాను.

కట్టిన ఇంజిన్ ఒక్కటీ తిరిగి రాలేదన్నాను. కొండ దిగిన ఇంజిన్ కూడా నాకు గుర్తున్నంతవరకు ఒక్కటీ లేదు.

మకథీని డబ్బా వంక చూసి, నా ముఖం వంక చూసి, గోడ మీద అరచేత్తో కొట్టాడు.

"అయ్యో దేవుడా! ఇందుకా ఇంత ఆపరేషన్? డిసెంబరు వచ్చిందంటే పైనుంచి సముద్రం చూడ్డానికి దిగుతారే, ఆ బండ్లన్నీ ఇదే పాట. నా ఇంటి కప్పు దాంతోనే వేశాను. నేనేదో ఇంకా పెద్ద జబ్బేమో అనుకున్నాను గానీ!"

"ముందే చెప్పొచ్చుగా," అన్నాడు జ్వెలాఖే.

"నన్నెవరు అడిగారు? హెడ్ విప్పావా అని మాత్రం అడిగారు."

ట్యాంకు ఖాళీ చేయించి, తొంభై అయిదు తెమ్మని జ్వెలాఖేని పంపాను. టైమింగ్ వెనక్కి తిప్పాను. పెద్ద జెట్లు నా గ్యారేజీలో ఉన్నాయి. మకథీని డబ్బాలో వెతికితే ఒకటి దొరికింది, రెండోది లేదు. దానికి బదులు కారులో ఉన్న జెట్టునే సూదిలాంటి డ్రిల్లుతో, రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ పెద్దది చేశాను. వెంట్రుకవాసి ఎక్కువైతే జెట్టు పనికిరాదు. కుదిరింది. అది ఒక్కటే ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని.

ఎక్కుడు మీద మళ్ళీ నడిపాను. చప్పుడు పోయింది.

"ఇంతకీ తప్పెవరిది బావా?" అన్నాడు జ్వెలాఖే.

"సర్దాను," అన్నాను.

మూడో సిలిండర్ తక్కువ చూపించిన సంగతి చెప్పలేదు. పది రోజుల దెబ్బకు మూడో పిస్టన్ రింగుల దగ్గర చిట్లి ఉండొచ్చు. హెడ్ విప్పితే తప్ప తెలియదు. విప్పితే రేపు వెళ్ళలేం.

ఆ రాత్రి కారులోనే పడుకున్నాను.

ఐదింటికి మా అత్తను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టారు. చిక్కు అక్కడ వచ్చింది. మాలో అల్లుడు అత్త పక్కన కూర్చోడు. ముఖం చూసి మాట్లాడడు. కానీ ఆ ఇంజిన్ చప్పుడు విని కాలు తీయాల్సిన సమయం జ్వెలాఖేకి తెలియదు. నేనే నడపాలి. ఆవిడ శాలువా తల మీదుగా లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏమన్నా అనాలంటే వెనక సీట్లోని కొడుకుతో అంది.

"జ్వెలాఖే, మీ బావని అడుగు, ఇది చేరుస్తుందా అని."

"బావా, అమ్మ అడుగుతోంది—"

"విన్నాను. చూద్దామని చెప్పు."

"చూద్దాం అంటున్నాడమ్మా."

"చూడ్డానికే కదా వెళ్తున్నాం," అంది ఆవిడ కిటికీతో.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ వరకు బాగానే వచ్చాం. ఆ ఊరు దాటగానే పెద్ద ఎక్కుడు. ముందు రెండు చెరుకు లారీలు పక్కపక్కనే పాకుతున్నాయి. వెనక కంటైనర్ లారీ హారన్ కొడుతోంది. వేగం పోయింది. రెండో గేరు వేశాను. సూది వేడి వైపు జరుగుతోంది. అప్పుడు విన్నాను. సన్నగా, దూరంగా, రెండు గోలీలు.

కాలు తీశాను. పోయింది. తొక్కాను. వచ్చింది.

"అది మళ్ళీ అంటోంది కదూ?" అన్నాడు జ్వెలాఖే వెనకనుంచి ముందుకు వంగి.

"నోరు మూసుకో. విననీ."

"ఆపుదామా? బావా, ఇది విరిగిపోతే అమ్మను ఇక్కడ రోడ్డు మీద—"

"ఆపితే మళ్ళీ ఎక్కుడు మీద ఎత్తుకోలేదు."

"నేనేదో చేశానని నిన్న అందరి ముందూ అన్నావు. ఇప్పుడైనా చెప్పు, నేనేం చేశాను? అమ్మ రాత్రంతా అదే అడిగింది."

లారీల మధ్య కాస్త సందు దొరికింది. దూరాను. చెమట కళ్ళలో పడుతోంది. తుడుచుకోడానికి చేయి ఖాళీ లేదు.

"నువ్వేం చెయ్యలేదు," అన్నాను. "తప్పు నాది. కొండ మీదికి కట్టి కిందికి పంపాను. పెట్రోలూ నాదే. మూడో పిస్టన్ దెబ్బతింది, అదీ నిన్ననే తెలుసు, చెప్పలేదు. చాలా?"

ఎక్కుడు చివరికి వచ్చింది. గోలీలు ఆగాయి.

"పోనీలే బావా," అన్నాడు వాడు, మెల్లగా. "తెలియక చేశావు. మేము కూడా అక్క విషయంలో—"

"ఇంజిన్ గురించి మాట్లాడుతున్నాం."

"అది కాదు, ఇన్నాళ్ళూ నేను—"

"ఇంజిన్ గురించే మాట్లాడుతున్నాం."

వాడు వెనక్కి వాలాడు. అత్త శాలువా కదల్లేదు.

మూయి నది ఊళ్ళో ఆపి నూనె చూశాను. లీటరు తగ్గింది. ఉన్నదంతా పోశాను. పైకి వచ్చేకొద్దీ గాలి పలచబడి నాక్ పోయింది, దాంతోపాటు బలమూ పోయింది. డిస్ట్రిబ్యూటర్ వేలితో కాస్త ముందుకు తిప్పాను. ఎస్ట్‌కోర్ట్ దాటాక ఇంకాస్త. అత్త గుడ్డలో చుట్టి తెచ్చిన రొట్టె కొడుకుకిచ్చి, నా వైపు చూడకుండా రెండో ముక్క గేరు దగ్గర పెట్టింది. తినలేదు. నాకు ఆకలి లేక కాదు, నమిలే చప్పుడు లేకుండా ఇంజిన్‌ను వినడానికి.

వాన్ రీనెన్ కనుమ మొదలయ్యేసరికి పది దాటింది. దాన్ని ఎక్కితే ఊరు అరగంట. సగం ఎక్కాక ఇంజిన్లో ఏదో విరిగింది. పెద్ద చప్పుడు కాదు. ఎండుపుల్ల విరిచినట్టు. వెంటనే కారు వణకడం మొదలైంది. వెనక అద్దంలో నీలం పొగ తప్ప రోడ్డు కనిపించలేదు.

పక్కకు తీసి ఆపాను. బానెట్ ఎత్తాను. మూడో సిలిండర్. పిస్టన్ మీద రింగులను పట్టే గట్టు విరిగింది. నూనె గొట్టంలోంచి పొగలా చిమ్ముతోంది. ఆ ముక్కలు సిలిండర్ గోడను గీకుతున్నాయి. ఇప్పుడు ఆపేస్తే సిలిండర్ బతుకుతుంది, క్రాంకు బతుకుతుంది, ఒక పిస్టన్ మార్చి మళ్ళీ కట్టొచ్చు. ఇంకో నలభై కిలోమీటర్లు నడిపితే పాత ఇనుము.

ఎప్పుడూ ఎవరికీ ఒకటే చెప్పాను: చప్పుడు చేసే ఇంజిన్‌ను ఒక్క అడుగు నడపకు. నడిపి తెచ్చినవాళ్ళను మొహం మీదే తిట్టి పంపాను.

"ఫోన్ చేసి ఎవర్నైనా బండి తెమ్మననా?" అన్నాడు జ్వెలాఖే.

"ఏ బండి? కాలు ఎక్కడ పెడుతుంది?"

"మరి?"

టైము పదిన్నర. అక్కడ మా వాళ్ళు, పాస్టరు, వంటవాళ్ళు ఎండలో నిలబడి ఉంటారు. రాయి మీద దుప్పటి ఉంటుంది.

ఆవిడ కిటికీ దించింది. శాలువా తల మీంచి జారింది. కొడుకును పిలవలేదు. నా ముఖంలోకే చూసింది.

"అల్లుడూ. అది చస్తుందా?"

"చస్తుంది అత్తా."

"మేం చేరాక చస్తుందా, చేరకముందా?"

"తెలియదు."

"అప్పుడు నా బిడ్డ విషయంలో చూద్దాం చూద్దాం అని కూర్చున్నారు వీళ్ళు. నేను మంచం మీంచి లేవలేకపోయాను. ఇవాళ నేను కూర్చునే ఉన్నాను. నడుపు."

మూడో ప్లగ్గు వైరు పీకి పక్కకు కట్టాను. కనీసం ఆ సిలిండర్లో నిప్పు పడదు. డిక్కీలో నూనె చుక్క లేదు. మమ్మల్ని చూసి ఆగిన ఒక లారీ డ్రైవర్ దగ్గర వాడి డీజిల్ ఇంజిన్ నూనె రెండు లీటర్లు అడిగి పోశాను. మూడు సిలిండర్ల మీద కనుమ ఎక్కాం. లారీలు మమ్మల్ని దాటిపోయాయి. ఇనుము ఇనుమును తినే చప్పుడు నాకు అరికాళ్ళ దాకా తెలుస్తోంది. కాలు తీయలేదు. వెనక జ్వెలాఖే ఏదో ప్రార్థన గొణుగుతున్నాడు. అది విని పళ్ళు కొరుక్కున్నాను. ఆపమని మాత్రం అనలేదు.

పదకొండున్నరకు శ్మశానం గేటులోకి తిప్పాను. నూనె అయిపోయిందని చెప్పే ఎర్ర దీపం వెలిగి చాలాసేపైంది. తాళం తిప్పకముందే ఇంజిన్ ఆగింది. బిగుసుకుపోయింది. ఆ కారు ఇక అక్కడినుంచి దానంతటది కదలదు.

జ్వెలాఖే దిగి తలుపు తీశాడు. ఆవిడ చాచిన కాలు ముందు బయట పెట్టి, తర్వాత రెండోది పెట్టింది. నేల గరుకు, రాళ్ళు. సమాధుల వరస వరకు వంద అడుగులు. అందరూ చూస్తున్నారు. కొడుకు ఎడమ చేయి పట్టుకున్నాడు. వంగని కాలు కుడివైపుది. అటువైపు పట్టేవాళ్ళు దగ్గర్లో నేను తప్ప లేరు.

ఆవిడ ఆ చేయి నా వైపు చాపింది.

"పద్ధతులు తర్వాత చూద్దాం. పట్టుకో," అంది.

మా వాళ్ళలో ఒక ముసలామె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాను. జ్వెలాఖే వైపు చూడకుండా, ఆవిడ చేయి పట్టుకున్నాను. ముగ్గురం ఒకే అడుగు వేయాల్సి వచ్చింది.